పక్క తలుపు తాళం చెవి ఎవరి దగ్గరుంది?

(సికింద్రాబాదులోని ఒక సంఘంలో, పురుషుల సహవాసం వార్షిక కూటమిలో చేసిన ప్రసంగం)

వేదిక మీదున్న అయ్యగారికి, అమ్మగారికి, పాస్టరేట్ కమిటీ పెద్దలకు, స్త్రీల మైత్రి అక్కచెల్లెళ్లకు, వెనక ఫ్యాను కింద చోటు కోసం తంటాలు పడుతున్న యవ్వనస్థులకు, అందరికీ ప్రభువు నామమున వందనాలు. పేరుపేరునా చెప్పాలనే ఉంది. కానీ సెక్రటరీ గారు ఇరవై నిమిషాలే అన్నారు. బయట బిర్యానీ కూడా దమ్ మీద ఉందట.

నాకిచ్చిన అంశం ‘ఉద్యోగ స్థలంలో క్రైస్తవ సాక్ష్యం’. నేను రైల్వేలో గూడ్స్ గార్డుగా పనిచేసి రిటైరయ్యాను కాబట్టి ఇచ్చి ఉంటారు. గూడ్స్ బండి చివర బ్రేక్ వ్యాన్‌లో గార్డు ఒక్కడే ఉంటాడు. సాక్ష్యం చెబుదామన్నా ముందున్న బొగ్గు వ్యాగన్లు తప్ప వినేవాళ్లు లేరు. అందుకని ఆ అంశాన్ని పక్కన పెట్టి, అక్కడ నేను రోజూ చేసిన పని ఒకటి చెప్తాను. పొద్దున, సాయంత్రం ప్రార్థన పుస్తకం తీసి, అందులో ఉన్న క్రమం ప్రకారం ప్రార్థన చేసుకునేవాణ్ణి. ఇప్పటికీ చేస్తున్నాను.

పెద్దవాళ్లకు తెలుసు, పిల్లల కోసం చెప్తున్నా. మొదట ‘ప్రభువా, నా నోరు నీ స్తుతిని ప్రచురపరచునట్లు నా పెదవులను తెరువుము’ అంటాం. ఆ తర్వాత ఆ రోజుకు ఏర్పాటైన కీర్తనలు. పాత నిబంధనలో ఒక భాగం, కొత్త నిబంధనలో ఒక భాగం. పొద్దున జెకర్యా పాడిన పాట, సాయంత్రం మరియ పాట, సుమెయోను పాట. విశ్వాస ప్రమాణం, పరలోక ప్రార్థన, చిన్న చిన్న ప్రార్థనలు రెండు మూడు. అంతే. నిదానంగా చదివినా ఇరవై నిమిషాలు. ఫోన్‌లో మనం చూసే వీడియోల ముందు అదెంత?

కీర్తనల లెక్క రైల్వేవాడికి తెగ నచ్చుతుంది. నూట యాభై కీర్తనలనూ ముప్పై రోజులకు పంచి పెట్టారు. 1వ తేదీ ఉదయం 1 నుంచి 5, సాయంత్రం 6 నుంచి 8. అలా పోయి పోయి 30వ తేదీ సాయంత్రానికి 150. మరి 31వ తేదీ ఉంటే? 30వ తేదీవే మళ్లీ చదవమన్నారు. 119వ కీర్తన ఒక్కటే 24వ తేదీ సాయంత్రం మొదలై 26వ తేదీ సాయంత్రానికి గానీ పూర్తవదు. ఇంగ్లండులో ఆర్చిబిషప్ థామస్ క్రాన్మర్ 1549లో వేసిన టైంటేబుల్ ఇది. అంతకుముందు మఠాల్లో రాత్రింబగళ్లు కలిపి ఎనిమిది వేళల ప్రార్థనలు ఉండేవి. పనికి పోయే మనిషికి అది కుదిరే పని కాదు. వాటిని ఉదయం, సాయంత్రం రెండిట్లో ఇమిడ్చాడు ఆయన. ఆ పుస్తకం ముందుమాటలో ఒక ఫిర్యాదు కూడా రాశాడు: పాత పద్ధతిలో చదవడం కన్నా ఏం చదవాలో వెతుక్కోవడమే పెద్ద పనైపోయిందని. 1552లో ఆ పుస్తకాన్ని సవరించినప్పుడు ముందుమాటలో ఇంకో ఆజ్ఞ చేరింది. పాదిరి గుడిలో ఈ ప్రార్థన చేసే ముందు గంట కొట్టించాలి, జనం వచ్చి కలిసి ప్రార్థించేలా.

గంట. ఇది గుర్తుపెట్టుకోండి, దీనికి మళ్లీ వస్తా.

ముందు బ్రేక్ వ్యాన్ సంగతి. గార్డుకు లైన్ బాక్స్ అని ఒక పెట్టె ఉండేది. అందులో ఎర్ర జెండా, పచ్చ జెండా, చేతి దీపం, ప్రమాదమైతే పట్టాల మీద పెట్టే డిటొనేటర్లు అనే టపాకాయలు, రూల్స్ పుస్తకం. వాటి కింద, పాల ప్యాకెట్ కవరులో చుట్టి, నా ప్రార్థన పుస్తకం. బండి నడుస్తున్నప్పుడు తీసేవాణ్ణి కాదు. ప్రతి స్టేషన్‌లో జెండా చూపాలి, బండికి రెండు పక్కలా కన్నేసి ఉంచాలి. అది దేవుడు నాకప్పగించిన పని, దాన్ని వదిలి కీర్తన చదివితే ఆయనే ఒప్పుకోడు. వేరే బండికి దారివ్వడానికి మమ్మల్ని లూప్ లైన్‌లో, అంటే పక్క పట్టాల మీద పెట్టినప్పుడు తీసేవాణ్ణి. మణుగూరు వైపు నుంచి బొగ్గు ర్యాకు తెస్తే డోర్నకల్‌లో ఆపేవారు. కృష్ణా ఎక్స్‌ప్రెస్ పోవాలి, గోల్కొండ ఎక్స్‌ప్రెస్ పోవాలి, ఆ తర్వాతే మనకు సిగ్నల్. బయట చిమ్మచీకటి, లోపల చేతి దీపం. పేజీ తిప్పితే బొగ్గు నుసి గరగరలాడేది. ఆ పుస్తకం ఇప్పుడు ఇక్కడే ఉంది, కావాలంటే తర్వాత చూపిస్తా. కింది మూలల్లో నా బొటనవేలి ముద్రలు నల్లగా అచ్చు వేసినట్టుంటాయి. అన్నిటికన్నా 18వ తేదీ ఉదయం పేజీ నల్లగా ఉంటుంది. 90వ కీర్తన అక్కడుంది. ‘మాకు జ్ఞానహృదయము కలుగునట్లుగా చేసి మా దినములు లెక్కించుటకు మాకు నేర్పుము.’ రిటైర్మెంట్ దగ్గర పడ్డప్పుడు తేదీ చూడకుండానే ఆ పేజీ తీసేవాణ్ణి మరి.

డోర్నకల్ అన్నాను కాబట్టి ఒక మాట. ఆ ఊళ్లో అజరయ్య బిషప్ గారు కట్టించిన కతెడ్రల్ ఉంది, 1939లో ప్రతిష్ఠించారు. గుడి గోపురాల తీరు, మసీదు గుమ్మటాల తీరు అన్నీ కలిపి కట్టారు. చూడనివాళ్లు ఒకసారి చూసి రండి. 1912లో బిషప్ అయ్యారాయన. ఆంగ్లికన్ సంఘంలో, అంటే ఇంగ్లండు సంఘం తాలూకు శాఖలో, మన దేశస్థుల్లో మొదటి బిషప్. ఆ చుట్టుపక్కల పల్లెల్లో కూలికి పోయినవాళ్లు చీకటి పడ్డాక కూడుకునేవారు. ఉపదేశకుడు నడిపించేవాడు. చదువురాని ముసలమ్మలు కీర్తనలు, పరలోక ప్రార్థన నోటికి చెప్పేవారు. అది రోజువారీ ఆరాధన. అమ్మా, ఆదివారంది కాదు, రోజువారీది! నాట్లు వేసి వచ్చినవాళ్లకు తీరిక దొరికింది. మనకు లిఫ్టుంది, వాషింగ్ మెషినుంది, తీరిక మాత్రం లేదు.

ఒకరోజు కాజీపేటలో డ్రైవర్లు, గార్డులు విశ్రాంతి తీసుకునే రన్నింగ్ రూములో మా డ్రైవర్ సాబ్ నమాజు చేసుకుని చాప మడుస్తున్నాడు. నేను మంచం మీద కూర్చుని పుస్తకం తెరిచాను. ఏం చదువుతున్నావన్నాడు. చెప్పాను. ‘అరే, మీక్కూడా టైముల ప్రకారం ఉందా? మరి మీవాళ్లు ఎవరూ చేయంగ చూడలేదే!’ అన్నాడు. ఎగతాళి లేదు, నిజంగానే ఆశ్చర్యపోయాడు. నేనేం చెప్పాలి? దానియేలు రోజుకు మూడుసార్లు మోకరించాడని చెప్పనా? పేతురు మధ్యాహ్నం పన్నెండింటికి ప్రార్థనకు మిద్దె ఎక్కాడని చెప్పనా? ఇవన్నీ మన బైబిల్లోనే ఉన్నాయి, ఆయనకు చూపించడానికి మనుషులే లేరు. ముషీరాబాద్‌లో, రాంనగర్‌లో ఉండేవాళ్లు చెప్పండి, తెల్లారగట్ల అజాన్ వినకుండా ఎవరైనా లేచారా? ఆ పక్కనే గుళ్లో సుప్రభాతం. మన గుడి మాత్రం ఆదివారం దాకా గప్‌చుప్.

ఇది అయ్యగార్ల పని, మనకెందుకు అంటారు కొందరు. మొదట్లో మఠాల్లో ఈ ప్రార్థనలు చేసినవాళ్లలో ఎక్కువమంది అయ్యగార్లు కారు, మామూలు విశ్వాసులే. ఆరో శతాబ్దంలో బెనెడిక్ట్ అనే భక్తుడు మఠానికి ఒక నియమావళి రాశాడు. అందులో 50వ అధ్యాయం చదివితే నా కోసమే రాశాడా అనిపించింది. దూరంగా పనిలో ఉన్నవాళ్లు, వేళకు ప్రార్థనాలయానికి రాలేనివాళ్లు, పనిచేసే చోటే మోకరించి ప్రార్థన చేయాలట. ప్రయాణంలో ఉన్నవాళ్లు కూడా వేళ తప్పకూడదట. గూడ్స్ గార్డుకు ఇంతకన్నా స్పష్టంగా ఎవరు చెప్తారు? కతోలిక సోదరులకూ 1963లో వాటికన్ మహాసభ ఇదే చెప్పింది. విశ్వాసులు కూడా ఈ ప్రార్థనలు చేయడం మంచిదని, గురువులతో, అంటే పాదిరులతో కలిసి గానీ, తమలో తాము గానీ, ఒంటరిగా గానీ.

మనం వెస్లియన్లం, అంటే జాన్ వెస్లీ మొదలుపెట్టిన మెథడిస్టులం, ఇది ఆంగ్లికన్ల అలవాటు అని మన కమిటీలోనే ఒక పెద్దాయన అన్నారు. అన్నా, జాన్ వెస్లీ చనిపోయేదాకా ఆంగ్లికన్ పాదిరే కదా! 1784లో అమెరికాలోని మెథడిస్టుల కోసం ఈ ప్రార్థన పుస్తకాన్నే కుదించి పంపాడు. అదీగాక 1947 సెప్టెంబర్ 27న అందరం కలిసి దక్షిణ ఇండియా సంఘం అయ్యాక నీది నాది ఏముంది? వెస్లియన్ మిషనరీ పాస్నెట్ దొరగారు కట్టించిన మెదక్ చర్చి ఎంత మనదో, డోర్నకల్ వాళ్ల ప్రార్థన పుస్తకమూ అంతే మనది.

ఇక అసలు ఆక్షేపణ. చూసి చదివే ప్రార్థనలో ఆత్మ ఉండదట! కోపం రాకుండా చెప్పడానికి ప్రయత్నిస్తా. మన గృహకూటాల్లో కళ్లు మూసుకుని చేసే ప్రార్థన వినండి. ‘కృపా కనికరములు గల తండ్రీ, గడచిన రాత్రంతా కంటికి రెప్పలా కాచి, మాకంటే ఘనులు, గొప్పవారు ఎందరో గతించిపోయినా మమ్మల్ని సజీవుల లెక్కలో ఉంచినందుకు...’ చూడండి, మీరే మిగతాది అందిస్తున్నారు! ఇది ఎవరికి నోటికి రాదు? ఇది కూడా పుస్తకమే, అచ్చు కాలేదంతే. పాటల పుస్తకం చూసి పాడితే ఆత్మ ఉంటుంది గానీ, ప్రార్థన పుస్తకం చూస్తే ఎగిరిపోతుందా?

సొంత మాటల ప్రార్థన వద్దనడం లేదు. కానీ నా సొంత మాటలన్నీ నా చుట్టూనే తిరుగుతాయి, నా మోకాళ్ల నొప్పి, నా మనవడి వీసా. 17వ తేదీ ఉదయం 88వ కీర్తన వస్తుంది. ‘చీకటియే నాకు బంధువర్గమాయెను’ అని ముగుస్తుంది, ఓదార్పు ఒక్క ముక్క ఉండదు. ఆ పొద్దున నాకు ఇడ్లీ బాగానే దిగింది, హాయిగానే ఉన్నాను. అయినా చదివాను. ఆ వేళకు ఏదో ఆస్పత్రిలో ఐసీయూ బయట చెప్పులు విప్పుకుని కూర్చున్నవాళ్లు ఎవరో ఉంటారు, వాళ్ల నోటికి మాట రాదు. వాళ్ల తరఫున చదివాను.

తిట్టే కీర్తనలు కూడా ఉన్నాయి. కతోలికుల కొత్త క్రమంలో 58, 83, 109 తీసేశారు. వాళ్ల కారణాలు వాళ్లకున్నాయి గానీ, నాకైతే ఆ పని నచ్చలేదు. శివార్లలో ఒక ప్లాటు కొన్నాను. అదే ప్లాటు అంతకుముందే ఇంకొకరికి రిజిస్టర్ చేశాడు ఆ మహానుభావుడు. ఆ నెల 22వ తేదీ సాయంత్రం 109 వచ్చింది. ‘వాని జీవితదినములు కొద్దివగును గాక, వాని ఉద్యోగమును వేరొకడు తీసికొనును గాక.’ ఎంత గట్టిగా చదివానంటే వంటింట్లోంచి మా ఆవిడ వచ్చి, ‘మెల్లగా అండి, పక్కింటివాళ్లు వాళ్లననుకుంటారు’ అంది. డబ్బు రాలేదు, ప్లాటూ రాలేదు. కానీ దేవుడి ముందు అంత తిట్టాక, మర్నాడు కర్ర పట్టుకుని వాడింటికి పోయే ఓపిక నాకు మిగల్లేదు.

సెక్రటరీ గారు గడియారం చూపిస్తున్నారు. చూశానండీ.

ఇప్పుడు గంట సంగతి. రిటైరయ్యాక నేను, ఇంకో నలుగురం, ఈ గుడి పక్క తలుపు గుండా సాయంత్రం ఆరింటికి వచ్చి, ముందు రెండు బెంచీల్లో కూర్చుని ప్రార్థన చేసుకునేవాళ్లం. ఒక ట్యూబులైటు, ఒక ఫ్యాను. ఎవరికీ అడ్డం లేదు. ఒకసారి ఇత్తడి కొవ్వొత్తి స్టాండ్లు పోయాయి. మర్నాటి నుంచి పక్క తలుపుకు తాళం. న్యాయమే, ఎవరైనా వేస్తారు. తర్వాత నాలుగు సీసీ కెమెరాలు పెట్టాం, వాచ్‌మ్యాన్‌ను పెట్టాం. తాళం మాత్రం అలాగే ఉంది. అడిగితే చెవి ట్రెజరర్ గారి దగ్గరుందన్నారు. ట్రెజరర్ గారిని అడిగితే సెక్రటరీ గారి దగ్గరన్నారు. సెక్రటరీ గారు కమిటీలో పెట్టాలన్నారు. కమిటీ ఎజెండాలో కరెంటు బిల్లు వచ్చింది, పెయింటింగ్ వచ్చింది, సౌండ్ సిస్టమ్ వచ్చింది, మా తాళం చెవి రాలేదు. పక్కనున్న హాలు మాత్రం బర్త్‌డేలకు రాత్రి పదకొండింటిదాకా తెరిచే ఉంటుంది. దానికి చెవి ఎవరి దగ్గరుందో అందరికీ తెలుసు.

పెద్దలారా, నవ్వకండి, అడుగుతున్నా. ఆ తలుపు తెరవండి. గంట కొట్టమని కూడా అనను, కాలనీవాళ్లు కంప్లయింట్ చేస్తారని మీకు టెన్షన్. ఆరు నుంచి ఆరున్నర వరకు, సోమవారం నుంచి శనివారం వరకు. వాచ్‌మ్యాన్ కుర్చీ ఆ తలుపు దగ్గరే వేద్దాం. కరెంటు ఖర్చు నా పెన్షన్‌లోంచి ఇస్తా, రసీదు కూడా అడగను.

యవ్వనస్థులకు ఒక మాట. హైటెక్ సిటీలో నైట్ షిఫ్టు చేసే అబ్బాయి ఒకడు నన్నడిగాడు, ‘అంకుల్, నాకు సాయంత్రం అంటే తెల్లారి ఆరు గంటలు, ఏం చేయను?’ అని. క్యాబ్‌లో ఇంటికి వచ్చేటప్పుడు సాయంకాల ప్రార్థన చేసుకో నాయనా. ‘నెమ్మదితో పండుకొని నిద్రపోవుదును’ అనే మాట నువ్వు ఎప్పుడు పడుకుంటే అప్పుడే నిజం. మొత్తం కుదరకపోతే ఒక్క కీర్తన చదువు. ఒకరోజు తప్పితే వెనక్కి వెళ్లి బాకీ తీర్చకు, ఆ రోజు తేదీ చూసుకుని అక్కడ ఎక్కు.

సరే, ఇవాళ 15వ తేదీ. సాయంత్రం వచ్చే కీర్తన 78. డెబ్భై రెండు వచనాలు, నెల మొత్తంలో పెద్ద సాయంత్రాల్లో ఒకటి. భయపడకండి, నేను జిరాక్స్ తెచ్చాను. చెల్లెమ్మా, ఆ కట్ట అటు వైపు పంచు. ఎడమ వైపువాళ్లు ఒక వచనం, కుడి వైపువాళ్లు ఒక వచనం, మధ్యలో చిన్న విరామం, ఒకరి మీద ఒకరు పడకండి. మన్నా కురిపించిన చోటికి, అంటే ఇరవై అయిదో వచనం దాకా చదివి బిర్యానీకి లేద్దాం. మిగతాది రేపు సాయంత్రం ఆరింటికి, పక్క తలుపు దగ్గర. తెరిస్తే లోపల, తెరవకపోతే మెట్ల మీద. ఎడమ వైపు, మొదలుపెట్టండి.