ఫ్యాన్లు ఆపాల్సిన ఆట

అందరికీ నమస్కారం. ఇంత ఎండలో దేవరకొండ, మిర్యాలగూడ నుంచి కూడా బస్సెక్కి వచ్చారు, సంతోషం. ఇయ్యాల మనం మాట్లాడుకునేది రిథమిక్ జిమ్నాస్టిక్స్ గురించి.

జిమ్నాస్టిక్స్ అంటే మనవాళ్లకు గుర్తొచ్చేది హైదరాబాద్ అమ్మాయి అరుణా రెడ్డి. 2018లో మెల్‌బోర్న్ ప్రపంచ కప్‌లో వాల్ట్‌లో కాంస్యం గెలిచింది. అది ఆర్టిస్టిక్. రిథమిక్ దారి వేరు. ఉరికొచ్చి దూకే వాల్ట్ ఉండదు, వేలాడే బార్లుండవు. పొడవూ వెడల్పూ 13 మీటర్లుండే కార్పెట్, సంగీతం, చేతిలో ఒక పరికరం. ఒలింపిక్స్‌లో అమ్మాయిలకే ఉంది. 1984లో లాస్ ఏంజెలెస్‌లో చేరింది, ఐదుగురి జట్టు పోటీ 1996లో వచ్చింది. 2018 గోల్డ్‌కోస్ట్ కామన్వెల్త్ క్రీడల్లో మన దేశం తరఫున ఆడిన మేఘనా రెడ్డి కూడా మన హైదరాబాద్ నుంచే.

ఇందాక ఒక పెద్దాయన "ఇది డాన్సే కదా సార్" అన్నారు. డాన్స్‌లో చేతిలోది జారితే నవ్వి మళ్లీ అందుకుంటం. ఇక్కడ మార్కులు పోతాయి, తెచ్చుకోవడానికి ఎక్కువ అడుగులు వేస్తే ఇంకా పోతాయి. కార్పెట్ దాటి దొర్లిపోతే, అంచున ముందే పెట్టుకున్న ఇంకోటి అందుకోవచ్చు, కానీ సంగీతం మాత్రం ఆగదు. వ్యక్తిగత ఆట మొత్తం 75 నుంచి 90 సెకన్లే.

సీనియర్ అమ్మాయిలు రింగు, బంతి, క్లబ్బులు (సీసా ఆకారంలో ఉండే రెండు చిన్న కర్రలు), రిబ్బన్‌తో విడివిడిగా ఆడతారు. నా మటుకు అన్నిట్లో రిబ్బనే మొండిది. ఇదిగో, పుల్లకు కట్టిన ఆరు మీటర్ల గుడ్డ. మణికట్టు తిప్పుడు కొంచెం మందగిస్తే చాలు, చుట్టలు విడిపోయి కొస నేలకు పడుతది. ముడి పడితే ఆడుతూనే విప్పుకోవాలె. దీన్నే పైకి విసిరి, అది గాల్లో ఉండగానే రెండు పల్టీలు కొట్టి లేచి పట్టుకోవాలె. కోలాటం వచ్చిన పిల్లలకు క్లబ్బులు సులువే అనుకోకండి. కోల చేయి విడవదు, క్లబ్బు విడుస్తది.

కష్టమైన అంశాలకు మార్కులు కలుపుతూ పోతారు. కళాత్మకతకు, చేసిన తీరుకు చెరో పది ఇచ్చి తప్పులకు కోస్తారు.

తల్లులు అడగలేక ఆగిన ప్రశ్న ఒకటుంది, బట్టలు. చీలమండల దాకా ఒళ్లంతా కప్పే దుస్తులకు నిబంధనలు ఒప్పుకుంటాయి. దాని కోసం పిల్లను ఆపకండి.

మనకు అసలు అడ్డం పైకప్పు. పరికరం కప్పులో ఇరుక్కుంటే ఏం చెయ్యాలో అంతర్జాతీయ నిబంధనల్లోనే రాసుంది; మన ఫంక్షన్ హాళ్లలోనైతే రోజూ ఆ నిబంధనే వాడాలె. అందుకే మ్యాట్ల కంటే ముందు ఎత్తైన హాలు అడగండి.

అన్నా, ఆ ఫ్యాన్ల స్విచ్చులు కొంచెం ఆపండి. రింగు ఎట్ల విసురుతరో చూపిస్త.