గంప పుట్టి అయితది: ఇంకో పాప వచ్చే ముందు పెద్ద పిల్ల కోసం బొమ్మల పుస్తకం కుట్టుడు

నమస్తే అందరికి. ఇంట్ల ఇంకో పాప రాబోతున్నది, పెద్దదానికి రెండేండ్లో మూడేండ్లో ఉంటయి. దానికి చదివి వినిపిచ్చేటందుకు చిన్న బొమ్మల పుస్తకం కుడదాం ఇయ్యాల. 12 పేజీలు. సామానంత ఇగో, ఇక్కడ పెట్టిన. ఏ4 సైజు డ్రాయింగు కాయితాలు మూడు. జిరాక్స్ కాయితం వద్దు, స్కెచ్ పెన్ను పెడితే ఇంకు అవతలికి దిగుతది. అట్టకు చీరల డబ్బా మూత. దబ్బనం, సూది, మిషన్ దారం, క్రేయాన్లు, గమ్ము. గంతే.

మూడు కాయితాలు ఒకదాని మీద ఒకటి పెట్టి సగానికి మడుస్తున్న, ఇట్ల. గోరుతోని గట్టిగ గీసుండ్రి. అయింది.

ఇప్పుడు ఆగుండ్రి. అందరు పప్పుల కాలేసేది ఇక్కడనే. ఒక కాయితం తీసుకుంటరు, దాని మీదనే 1, 2, 3, 4 అని వరుసగ బొమ్మలేసుకుంట పోతరు. కుట్టినంక తిప్పితే, పాప పుట్టినంక అమ్మ దవాఖానకు పోతది! ఎందుకంటే పక్కపక్కన కనిపించే రెండు పేజీలు ఒకే కాయితం మీద ఉండయి. జెర దగ్గర పెడుత, చూడుండ్రి. బయటి కాయితానికి ఒక దిక్కు 12, 1. ఎనుక దిక్కు 2, 11. దాని లోపలి కాయితానికి 10, 3. ఎనుక 4, 9. నడిమి కాయితానికి 8, 5, ఎనుక 6, 7. లెక్క యాదికుంచుకునేది ఒక్కటే: ఒక దిక్కున్న రెండు అంకెలు కలిపితే 13 రావాలె. 10, 3 పదమూడు. 4, 9 పదమూడు. రాకపోతే తప్పు వేసినట్టే. అంకెలు పెన్సిలుతోని మూలకు చిన్నగ వేసుకోండ్రి, తర్వాత తుడిచేయొచ్చు. మల్ల చెప్తున్న, ముందు అంకెలు, ఆ తర్వాతనే బొమ్మలు.

ఇంకొకటి. 6, 7 మాత్రమే నడుమ తెగకుండ ఒకే కాయితం. పెద్ద బొమ్మ ఏదన్న ఉంటే అక్కడనే. మిగతా చోట్ల మడత మీదికి ముఖం రానియ్యకుండ్రి, సగం ముక్కు కుట్టుల పోతది.

ఇగ కథ. మనదిక్కు కృష్ణల పుట్టి అందరు చూసిందే గదా, గుండ్రంగ ఉండే పడవ. ఇంట్ల గంప ఉంటే అదే పుట్టి. 2, 3 పేజీల పిల్ల గంపల కూసుంటది, గరిటె తెడ్డు, నీలం చీర పరిస్తే కృష్ణ. మీ పిల్ల పేరే పెట్టుండ్రి. 4, 5ల అమ్మ కడుపు పెద్దగయింది, పుట్టిల పడుతలేదు, గట్టు మీద కూసోని చెయ్యి ఊపుతది. 6, 7ల మొత్తం నది, దూరంగ సాగర్ డ్యాము. గేట్లు 26 ఉన్నయి, అన్ని వెయ్యాల్సిన పని లేదు, ఆరేడు గీస్తే చాలు. 8, 9ల అమ్మ దవాఖానకు పోతది. ఇక్కడ ఒక సంగతి తప్పకుండ ఉండాలె, ఆ రాత్రి పిల్ల ఎవరి పక్కన పండుకుంటది? నాయనమ్మనా, అమ్మమ్మనా? మీ ఇంట్ల నిజంగ ఎవరుంటరో వాళ్లనే గీయుండ్రి. పిల్ల అసలు బెంగ అదే.

పేజీకి రెండు చిన్న మాటలు చాలు.

మాటలు రాసేటప్పుడు "నీతోని ఆడుకోనీకి వస్తున్నడు" అని అస్సలు రాయకుండ్రి. పుట్టిన పాప రోజుకు 16 గంటల దాక పడుకుంటది. చూసి నవ్వనీకే ఆరు నుంచి ఎనిమిది వారాలు. ఆసరా లేకుండ కూసోనీకి ఆరు నెలలన్న కావాలె. ఆటకు జోడి అని చెప్పి, వచ్చినంక మూటలెక్క పడుకుంటే పెద్దది ఏమనుకుంటది? అందుకే 10వ పేజీల పాప ఉన్నట్టే ఉంటది: పడుకుంటది, పాలు తాగుతది, ఏడుస్తది. ఆ ఏడుపునే ఆటల కలుపుండ్రి, అది లాంచీ హారన్! పుట్టి నడిపేది పెద్దదే. గంపల మాత్రం పాపను కూసోబెట్టకుండ్రి, బొమ్మల గూడ. మూడేండ్ల పిల్ల పుస్తకంల ఉన్నది ఉన్నట్టు చేసి చూస్తది. గంపల గుడ్డబొమ్మ, పాప తొట్టెల్ల, పక్కన నాయనమ్మ. అట్ల గీయుండ్రి.

చెల్లెనా, తమ్ముడా రాయకుండ్రి, బుజ్జి అంటే చాలు. ముందు తెలువది, స్కానింగుల చెప్పుడు 1994 చట్టం ప్రకారం నేరం గూడ. 11వ పేజీ ఖాళీగ వదిలి, పాప ఫోటో పట్టేంత డబ్బా గీయుండ్రి. డబ్బా లోపల క్రేయాన్ తగలొద్దు. మైనం ఉంటే గమ్ము పట్టది. 12ల తొట్టెల ఊపే పెద్ద పిల్ల చెయ్యి.

ఇగ కుట్టు. మూత అట్ట మందంగ ఉంటది, ఇంకు అయిపోయిన పెన్నుతోని గీత గీసి అప్పుడు మడువుండ్రి, లేకుంటే పగులుతది. మడిచిన కాయితాలు దాని లోపల పెట్టుండ్రి. వీపు 21 సెంటీమీటర్లు. మూడు బొక్కలు, 3 కాడ, 10.5 కాడ, 18 కాడ. కింద పాత పేపర్ల కట్ట పెట్టి, లోపలి దిక్కు నుంచి దబ్బనం గుచ్చుండ్రి. స్టాప్లర్ కొట్టొచ్చు గదా అంటరు, పిన్ను కొసలు పిల్ల వేళ్లకు గీసుకుంటయి, వద్దు. దారం రెండు పోగులు, 60 సెంటీమీటర్లు. నడిమి బొక్కల లోపటికెళ్లి బయటికి. పై బొక్కల లోపటికి. ఇట్ల కిందికి పోయి, కింది బొక్కలకెళ్లి బయటికి. మల్ల నడిమి బొక్కల లోపటికి. రెండు కొసలు ఆ పొడుగు దారానికి అటొకటి ఇటొకటి పెట్టి ముడి. లాగేటప్పుడు వీపు వెంబడి లాగుండ్రి, మీదికి లాగితే కాయితం చినుగుతది.

చదివి వినిపిచ్చుడు కాన్పుకు నెలో రెండు నెలలో ముందు మొదలువెడితే చాలు. అంతకన్న ముందు చెప్తే పిల్లకు రోజులు లెక్కకు రావు, రోజు అడుగుతది. "సంక్రాంతి అయినంక" అన్నట్టు చెప్పుండ్రి. పేజీలు దాన్నే తిప్పనియ్యుండ్రి.

పాప వచ్చినంక ఫోటో పెద్దదాని చేతనే అతికించుండ్రి. గమ్ము మూలలకు చుక్కంత చాలు. ఆరేదాక పుస్తకం తెరిచే ఉంచుండ్రి, మూస్తే 10వ పేజీకి అతుకుతది.