సెయింట్ ఆగ్నెస్, బెర్లిన్: బొమ్మల కన్నా గోడే బాగుంది

నమస్కారం. నా వెనక ఉన్న బూడిదరంగు కట్టడాన్ని చూసి గోదాము అనుకున్నారా? నేనూ అలాగే అనుకుని మొదట దాటి వెళ్లిపోయాను. ఇది ఒకప్పటి కాథలిక్ చర్చి, సెయింట్ ఆగ్నెస్. ఇప్పుడు కోనిగ్ గ్యాలరీ. బెర్లిన్‌లోని క్రాయిట్స్‌బెర్గ్‌లో ఉన్నాం.

రంగు అద్దాలు లేవు, కోసుగా లేచిన శిఖరం లేదు. పెట్టెలాంటి హాలు, పక్కనే నాలుగు పలకల గంట గోపురం, అంతే. రెండో ప్రపంచ యుద్ధంలో బాంబులకు నేలమట్టమైన ప్రాంతమిది. ఇక్కడ మళ్లీ ఇళ్లు లేస్తున్న రోజుల్లో, 1964-67 మధ్య, వెర్నర్ డ్యూట్‌మన్ అనే వాస్తుశిల్పి దీన్ని కట్టారు. దీన్ని బ్రూటలిజం అనే శైలి కట్టడమంటారు; వాడిన సరుకును ఉన్నదున్నట్టు చూపడమే ఆ శైలి. కానీ దగ్గరికొచ్చి చూడండి, ఈ గోడకు సిమెంటు పూత ఉంది! ఎంత గరుకంటే, చెయ్యి రాస్తే తోలు లేస్తుంది.

ఇక మెట్లెక్కుదాం. అసలు సంగతి పైన ఉంది.

గ్యాలరీ కోసం మార్పులు చేసిన ఆర్నో బ్రాండ్ల్‌హూబర్ ప్రార్థన మందిరంలో పెద్ద కాంక్రీటు బల్ల వేసినట్టు ఒక అంతస్తు నిలబెట్టారు. 2015 నుంచి ప్రధాన ప్రదర్శనలు దాని మీదే. భక్తులు తలెత్తి చూసిన వెలుగుకు మనం ఇప్పుడు ఒక అంతస్తు దగ్గరయ్యాం. పైనుంచి వచ్చే పగటి వెలుగు గోడల మీదుగా జారుతూ ప్రతి గరుకునూ చూపిస్తుంది. దీని ముందు మామూలు కాన్వాసు చిన్నబోతుంది, భారీ శిల్పమైతేనే నిలుస్తుంది. గ్యాలరీకి వచ్చి గోడను పొగడటం దేవుణ్ణి వదిలి పల్లకీకి దండం పెట్టడమే, తెలుసు. ఏం చేయను?

గ్యాలరీ స్థాపకుడు యోహాన్ కోనిగ్ చిన్నతనంలోనే ఒక ప్రమాదంలో చూపు చాలావరకు పోగొట్టుకున్నారు. అది గుర్తొచ్చి నేనూ కాసేపు కళ్లు మూసుకుని నిలబడ్డాను. మూల నుంచి ఎవరో దగ్గారు. ఆ దగ్గు పైకప్పును తాకి తీరిగ్గా దిగివచ్చింది.

పదికి తొమ్మిది ఇస్తాను. కింద నిలబడి మొత్తం ఎత్తునూ ఒక్కసారిగా చూసే భాగ్యం ఆ బల్లతో పోయింది, ఒక మార్కు అందుకే కోశాను. మెట్రోలో వచ్చేవారు ప్రింజెన్‌స్ట్రాసెలో దిగి నడవవచ్చు. ఎండ ఉన్న రోజు చూసుకుని రండి, దీపాల వెలుతురులో సగం అందం పోతుంది.

ఆగండి, మబ్బు తొలగుతోంది. కెమెరా గోడవైపు తిప్పుతున్నాను, నేను మాట్లాడను. చూడండి.