మగవాళ్ల పొడుగు జుట్టు విగ్గు రివ్యూ: జుట్టు మంచిదే, నుదురే పాడుచేసింది

నమస్తే అండీ. మగ ఆర్టిస్టుల కోసమని అమ్ముతున్న 16 అంగుళాల లేస్ విగ్గు ఇది. లేస్ అంటే పలచటి జాలీ గుడ్డ, దాని మీదే వెంట్రుకలు ముడేస్తారు. కంపెనీ వాళ్లు ఉచితంగా పంపారు. డబ్బులేమీ ఇవ్వలేదు, వీడియో ముందుగా వాళ్లకి చూపించలేదు. ధర, రంగులు, సైజులు మీరు ఈపాటికి వాళ్ల పేజీలో చూసే ఉంటారు. వాటి జోలికి పోకుండా నేరుగా నుదుటి దగ్గరికి వద్దాం.

కెమెరా దగ్గరికి తెస్తున్నాను, చూడండి. ఈ అంచు ఒక కణత నుంచి ఇంకో కణత దాకా గుండ్రంగా విల్లులా వంగింది. ముందు వరసలో నూగు జుట్టు కూడా కుట్టారు. ఇది ఆడవాళ్ల విగ్గుకి వేసే అంచు. ముప్ఫై ఏళ్ల మగవాడి నుదురు చూడండి, చాలామందికి రెండు కణతల పైన జుట్టు కాస్త వెనక్కి జరిగి ఉంటుంది. చెవి ముందు సైడ్‌బర్న్ దిగి గడ్డంలో కలుస్తుంది. ఇందులో సైడ్‌బర్నే లేదు. లేస్ చెవి పైన టక్కున ఆగిపోయింది. పెట్టె మీద మాత్రం 'పురుషులకు' అని రాసి ఉంది!

ఇదేం పెద్ద సంగతి అనుకోకండి. జులపాలతో మగ పాత్ర తెర మీదకి రాగానే హాల్లో ఎవరో ఒకరు 'ఆడంగిలా ఉన్నాడేంట్రా' అంటారు. ఆ మాట తప్పు, నాకు అస్సలు నచ్చదు. కానీ ఇలాంటి విగ్గు పెట్టి పంపితే ఆ నవ్వుకి మనమే దారి ఇచ్చినట్టు. చూసేవాడికి లేస్ గురించి తెలియదు. ఏదో తేడాగా ఉందని మాత్రం తెలుస్తుంది, ఆ తేడాని నటుడి మీదకి తోసేస్తాడు.

అసలు మన ప్రేక్షకులు మగవాడి పొడుగు జుట్టుని ఎప్పుడు ఒప్పుకున్నారంటే, దానికో కారణం చూపించినప్పుడే. పౌరాణికంలో భుజాల మీద జుట్టు పరుచుకుని రాముడో కృష్ణుడో వస్తే హారతులిచ్చారు. అదే హీరో సాంఘికంలోకి వస్తే నున్నగా దువ్విన క్రాపే. సాంఘికంలో జులపాలు రౌడీకి, మాంత్రికుడికి, మతి తప్పినవాడికి మిగిలాయి. ఇప్పటికీ పెద్దగా మారలేదు. 2022లో వచ్చిన ఆర్‌ఆర్‌ఆర్‌లో రామ్‌చరణ్ పోలీసు యూనిఫాంలో ఉన్నంతసేపు పొట్టి క్రాపు, విల్లు పట్టి రాముడి రూపంలోకి రాగానే పొడుగు జుట్టు. బాహుబలి అంటే రాజు కథ. పుష్ప అంటే ఎర్రచందనం దొంగరవాణా. దేవుడు, రాజు, దొంగ... వీళ్లకైతే సరే. జడలాంటి జుట్టున్న లెక్చరర్‌నో, మెడికల్ షాపు ఓనర్‌నో హీరోగా రాసినవి ఎన్ని ఉన్నాయో మీరే ఆలోచించండి. సహజంగా జుట్టు పెంచుకున్న జూనియర్ ఆర్టిస్టుని కూడా విలన్ గ్యాంగ్‌లో నిలబెట్టడానికే పిలుస్తారు.

నిజానికి మగవాడి జడకి మన దగ్గర ఉన్నంత గౌరవం ఇంకెక్కడా లేదేమో. కూచిపూడి భామాకలాపం తీసుకోండి. తెర వెనక నుంచి ముందుగా కనిపించేది సత్యభామ జడ. ఆ జడని తెర మీదుగా బయటికి వేస్తారు. విద్యలో నన్ను ఓడించగలిగితే వచ్చి ఈ జడ కొయ్యండి అని దానర్థం. తరతరాలుగా ఆ జడ వేసుకున్నది మగవాళ్లే. వేదాంతం సత్యనారాయణ శర్మ గారు ఆ వేషంలోనే దేశమంతా పేరు తెచ్చుకున్నారు. నాటకాల్లో స్త్రీ పాత్రలు వేసిన స్థానం నరసింహారావు గారికి 1956లో పద్మశ్రీ వచ్చింది. ఇంత ఉన్న చోట, రోజూ మెట్రోలో కొప్పు ముడి వేసుకుని తిరిగే ఒక నటుణ్ని 'వేషాలేంటి' అని అడుగుతున్నాం. బాధగా ఉంటుంది.

సరే, విగ్గులోకి వద్దాం. జుట్టు అసలుదే, నాణ్యత బాగుంది. ఇంతకుముందు ఇక్కడ చూపించిన సింథటిక్ విగ్గు లైటు పడగానే ప్లాస్టిక్‌లా మెరిసింది, ఇది మెరవదు. అసలు జుట్టు ఎక్కడిదంటారా? తిరుమల తలనీలాలని టీటీడీ పొడవుని బట్టి విడదీసి వేలం వేస్తుంది. 27 అంగుళాలు, ఆపైన ఉన్నది మొదటి రకం. మగవాళ్ల తలనీలాలు చాలావరకు 5 అంగుళాలు కూడా ఉండవు, విగ్గు పొడవుకి చాలవు. అంటే తెర మీద వీరుడి భుజాల మీద ఎగిరే జుట్టు మామూలుగా ఏ ఆడమనిషి జుట్టో అయి ఉంటుంది.

రెండో ఇబ్బంది, ఒత్తు. దీని డెన్సిటీ, అంటే జుట్టు ఎంత ఒత్తుగా ఉందో చెప్పే లెక్క, 150 శాతం. మగ పాత్రకి 100, మహా అయితే 120 చాలు, ముందు అంచులో ఇంకా పలచగా ఉండాలి. 150 అయితే హెల్మెట్ పెట్టినట్టుంటుంది.

వెనక్కి పంపే వీలు లేకపోతే ఇలా సరిచేసుకోండి. విగ్గుని తల ఆకారపు దిమ్మ మీద పెట్టి పిన్నులు గుచ్చి, రెండు కణతల దగ్గర తెల్ల పెన్సిల్‌తో కొత్త గీత గీయండి. ట్వీజర్‌తో ఒక్కో వెంట్రుకే లాగండి. మొదటి వరసని ముట్టుకోకుండా రెండు, మూడు వరసల్లో మొదలుపెట్టి, ఒకేచోట వరసగా లాగకుండా అక్కడొకటి ఇక్కడొకటి తీయండి. ఒకేచోట లాగితే లేస్‌కి చిల్లు పడుతుంది, దాన్ని మళ్లీ ముడి వేసి కుట్టాల్సిందే. పలచబడ్డాక ఆ నూగు జుట్టు కత్తిరించేయండి. సైడ్‌బర్న్‌లు లేస్ మీద విడిగా దొరుకుతాయి, అవి అతికించుకోవాలి.

అతికించేటప్పుడు ముందు నుదుటిని స్పిరిట్‌తో తుడిచి ఆరనివ్వండి. చెమట మీద స్పిరిట్ గమ్, అంటే విగ్గు అతికించే జిగురు, పట్టదు. లేస్‌ని తిన్నగా కాకుండా వంకరటింకరగా కత్తిరించండి, తిన్నగా కోస్తే గీత కనిపిస్తుంది. స్పిరిట్ గమ్ పావు అంగుళం వెడల్పున పలచగా రాసి, వేలు ఆనిస్తే జిగురు తగిలేదాకా ఆగి, అప్పుడు లేస్ దించి తడిగుడ్డతో అదమండి. తడిగా ఉన్నప్పుడే దించితే గమ్ లేస్ పైకి ఉబికి తెల్లగా మెరుస్తుంది. మే నెలలో అవుట్‌డోర్ అయితే ప్రతి బ్రేక్‌లో కణతలు చూసుకోవాలి, మొదట లేచేది అక్కడే. తీసేటప్పుడు పీకొద్దు. గమ్ కరిగించే రిమూవర్‌ని బ్రష్‌తో అంచు కిందకి పంపితే అదే వదులుతుంది.

రంగస్థలానికి, పౌరాణికానికి అయితే కొనొచ్చు. కిరీటం కింద అంచు ఎలాగూ కనిపించదు. జుట్టు పొడుగున్న మామూలు మనిషి పాత్రకి, క్లోజప్‌కి మాత్రం కొనకండి. కంపెనీ వాళ్లూ, మీరు ఈ వీడియో చూస్తుంటే ఒక్కటి చేయండి. జుట్టు ఇదే ఉంచి, మగవాడి నుదుటికి అచ్చు కొత్తగా తీయించండి. సైడ్‌బర్న్‌లు కలిపి పంపితే మళ్లీ రివ్యూ చేస్తాం.