కాళ్లకు నీరు, కారణం ఊపిరితిత్తులు

[దృశ్యం: తాడిపత్రి బండల పాలిష్ యూనిట్, గాల్లో తెల్లటి దుమ్ము]

"బీపీ బాగానే ఉందన్నారు. మరి కాళ్లెందుకు వాస్తున్నాయి సార్?" ఏళ్ల తరబడి రాతి దుమ్ము పీల్చినవాళ్లు, బీడీ మానలేని పెద్దాయనలు, కట్టెల పొయ్యి దగ్గర వండిన అమ్మలు అడిగే మాట ఇది. చేతికి పట్టీ చుట్టి చూసేది ఒళ్లంతటికీ రక్తం పంచే నాళాల బీపీ. ఊపిరితిత్తుల నాళాల్లో బీపీ వేరే, అది ఆ పట్టీకి అందదు.

[బొమ్మ: గుండె కుడివైపు నుంచి ఊపిరితిత్తులకు పోయే నాళం]

ఇక్కడ సగటు ఒత్తిడి మామూలుగా 14 mmHg (బీపీ కొలిచే లెక్కే) దరిదాపుల్లో ఉంటుంది. 20 దాటితే పల్మనరీ హైపర్‌టెన్షన్, అంటే ఊపిరితిత్తుల నాళాల్లో బీపీ ఎక్కువ.

ఎందుకు పెరుగుతుంది? ఊపిరితిత్తుల్లో ఒక మూలకు గాలి అందకపోతే అక్కడి సన్న నాళాలు బిగుసుకుంటాయి. గాలి లేని చోటికి రక్తం పోయి ఏం లాభం? మంచి ఏర్పాటే.

[బొమ్మ: చీనీ తోటలో డ్రిప్ లైన్లు]

చీనీ తోటలో ఎండిపోయిన వరసకు వాల్వు కట్టేస్తాం, మిగతా చెట్లకు నీళ్లు బాగా పోతాయి. అన్ని వరసలూ కట్టేసి మోటారు ఆడిస్తే? సీఓపీడీ (పొగ, దుమ్ము వల్ల గాలి గొట్టాలు ఇరుకయ్యే జబ్బు), సిలికోసిస్ (రాతి దుమ్ముతో వచ్చేది), ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బులు ముదిరితే అంతటా ఆక్సిజన్ తగ్గి, నాళాలన్నీ బిగుసుకుంటాయి.

రానురాను వాటి గోడలు మందమైపోతాయి. అప్పుడు ఆక్సిజన్ పెట్టినా పూర్తిగా వదలవు. సీఓపీడీలో ఒక రకమైన ఎంఫైసిమాలోనైతే గాలి గదుల గోడలతోపాటు వాటిలోని నాళాలూ పోతాయి, రక్తానికి దారులే తక్కువవుతాయి. ఇది చాలదన్నట్టు ఒళ్లు ఎర్రకణాలు ఎక్కువ తయారుచేసి రక్తాన్ని చిక్కబరుస్తుంది.

ఈ ఒత్తిడికి ఎదురుగా రక్తం నెట్టాల్సింది గుండె కుడి గది. దాని గోడ పల్చన. కొన్నాళ్లు మందమై లాక్కొస్తుంది, తర్వాత సాగిపోతుంది. రక్తం ముందుకు పోక వెనకే నిలిచి మెడ నరాలు ఉబ్బుతాయి, కాలేయం వాస్తుంది, కాళ్లకు నీరు దిగుతుంది. చీలమండ పైన బొటనవేలితో నొక్కితే గుంట పడి కాసేపు అట్లే ఉంటుంది. కిడ్నీ జబ్బులోనూ ఇలా పడుతుంది కాబట్టి పరీక్షలు తప్పవు. ఎకోలో (గుండె స్కాన్‌లో) అంచనా తెలుస్తుంది, ఖాయం చేసేది కుడి గుండెకు క్యాథటర్ (సన్న గొట్టం) పెట్టి చూసే పరీక్ష.

[దృశ్యం: ఇంట్లో ఆక్సిజన్ కాన్సన్‌ట్రేటర్]

పొగ, దుమ్ము ఆపాలి. కదలకుండా కూర్చున్నా సాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) 88 దాటనివాళ్లకు డాక్టర్లు రోజుకు కనీసం 15 గంటలు ఆక్సిజన్ రాస్తారు. ఊపిరాడనప్పుడు మాత్రమే పెట్టుకుంటే సరిపోదు.

నాళాలను వదులుచేసే సిల్డెనాఫిల్ బిళ్లల సంగతి చాలామంది అడుగుతారు. సీఓపీడీ వల్ల వచ్చిన రకానికి మామూలుగా రాయరు. కట్టేసిన వాల్వులన్నీ అది ఒకేసారి తెరుస్తుంది. గాలి లేని చోటికీ రక్తం పోయి సాచురేషన్ ఇంకా పడిపోవచ్చు. మెడికల్ షాపులో అడిగి మింగే మందు కాదది.