టైల్స్ అంటించే పౌడర్: మూడు బస్తాలు, ఒక సుత్తి, మా పెరడు

అందరికీ నమస్కారం అండీ, ఒడిశాలోని రాయగడ నుంచి మాట్లాడుతున్నాను. ముందు ఈ శబ్దం వినండి. రూపాయి బిళ్ళతో కొడుతున్నాను. టక్, టక్. ఇది గట్టిగా ఉంది. ఇప్పుడు ఇక్కడ... డబ్, డబ్. తేడా తెలిసింది కదా? కింద డొల్ల. ఇది వేరే ఎవరిల్లో కాదు, మా హాలే.

మూడేళ్ల కిందట వేయించాం. రెండు బై రెండు విట్రిఫైడ్ టైల్స్. కింద ఇసుకా సిమెంటూ కలిపిన మాలు, పైన సిమెంట్ పాలు, రబ్బరు సుత్తితో నాలుగు దెబ్బలు. అయిపోయింది. పోయిన మే నెలలో ఒక మధ్యాహ్నం అన్నాలు తింటుంటే ఢామ్మని శబ్దం. గ్యాస్ బండేమోనని మా అమ్మ వంటింట్లోకి పరిగెత్తింది. చూస్తే హాలు మధ్యలో రెండు టైల్స్ ఒకదానికొకటి ఆనుకుని గుడారంలా లేచి నిలబడ్డాయి.

ఆ లేచిన టైల్ ఇదిగో, దాచి ఉంచాను. వెనక వైపు చూడండి. కడిగినట్టుంది కదూ? నేను కడగలేదు. ఒక్క సిమెంట్ రవ్వ కూడా పట్టుకోలేదు. దీని వెనకున్న గళ్ళు మాత్రం కింద మాలులో అచ్చు గుద్దినట్టు పడ్డాయి. అంటే మాలు గట్టిపడింది, టైల్ కూర్చుంది, కానీ రెండూ అతుక్కోలేదు. మూడేళ్లూ బరువు మీద నిలబడింది, అంతే. పైగా టైల్‌కీ టైల్‌కీ మధ్య గ్యాప్ ఇవ్వలేదు, గోడ అంచున కూడా వదల్లేదు. ఎండకి సాగితే ఎక్కడికి పోతుంది పాపం, పైకే లేస్తుంది.

మరి మా తాతల నాటి ఇంట్లో గచ్చుబిళ్ళలు అదే మాలు మీద ఇంకా కదల్లేదు, ఇదెందుకు లేచింది? నీళ్లు పీల్చడంలో ఉంది కిటుకు. పాత బిళ్ళలు, గోడకి వేసే సిరామిక్ టైల్స్ నీళ్లు తాగుతాయి. ఆ నీటితో పాటు సిమెంటు కూడా సన్నటి రంధ్రాల్లోకి దిగి గట్టిపడుతుంది. విట్రిఫైడ్ టైల్ తాగేది దాని బరువులో 0.5 శాతం లోపే. దాదాపు గాజు అనుకోండి. సిమెంట్ పట్టుకోడానికి దానికి చోటే లేదు. అందుకే వచ్చాయి ఈ టైల్స్ అంటించే పౌడర్లు. వీటిలో సిమెంటూ సన్న ఇసుకతో పాటు పాలిమర్ పొడి ఉంటుంది, అదే జిగురు పని చేసేది. నీటిని తొందరగా ఆరిపోకుండా పట్టి ఉంచే మందు ఇంకొకటి ఉంటుంది. అందుకే ఈ పౌడర్ వాడితే టైల్స్‌ని తొట్లో నానబెట్టే పని లేదు.

సరే, రివ్యూకి వద్దాం. మూడు బస్తాలు తెచ్చాను, ఇక్కడ రెండు, పార్వతీపురంలో ఒకటి. కంపెనీ పేర్ల మీద టేపు అంటించేశాను. ఎందుకంటే కామెంట్లలో అందరూ అడిగేది "ఏ కంపెనీ మంచిది అన్నా" అని. ఎంవైకే ల్యాటిక్రీట్ అనండి, రాఫ్ అనండి, అల్ట్రాటెక్ అనండి, ప్రతి వాళ్ల దగ్గరా చవకదీ ఉంది, గట్టిదీ ఉంది. కంపెనీ పేరు చూసి కొంటే చవకది విట్రిఫైడ్ కింద వేసి తర్వాత వాళ్లని తిడతారు. చూడాల్సింది బస్తా మీద ఇదిగో, ఇక్కడ, చిన్న అక్షరాల్లో. ఐఎస్ 15477, అంటే ఈ పౌడర్లకి మన దేశపు ప్రమాణం నంబరు, దాని పక్కన టైప్ 1, టైప్ 2, అలా 5 దాకా. కొన్నింటి మీద యూరప్ లెక్కలో సీ1, సీ2 అని కూడా ఉంటుంది. సీ1 అంటే చదరపు మిల్లీమీటరుకి 0.5 న్యూటన్ల పట్టు, సీ2 అంటే 1 న్యూటన్. మన లెక్కలో సీ2 చదరపు సెంటీమీటరుకి సుమారు పది కిలోల లాగుడుకి తట్టుకోవాలి.

పెరట్లో పాత కాంక్రీట్ పలక మీద నాలుగు విట్రిఫైడ్ ముక్కలు అంటించి పది రోజులు వదిలేశాను. ఒకటి సిమెంట్ పాలతో, ఒకటి టైప్ 1, ఒకటి టైప్ 2, ఒకటి టైప్ 3. ఇప్పుడు ఉలి, సుత్తి. సిమెంట్ పాలది... చూశారా, ఉలి ఇలా ఆనించానో లేదో అప్పడంలా ఊడొచ్చింది. టైప్ 1, మూడు దెబ్బలకి వచ్చింది, పౌడర్ అంతా కిందే ఉండిపోయింది, టైల్ వెనక మరకలే. టైప్ 2... ఊహూ. ఇది రాదు. పగులుతోంది గానీ ఊడటం లేదు, చూడండి, ముక్కలు ముక్కలుగా. టైప్ 3 కూడా అంతే, నా చెయ్యి నొప్పెట్టింది.

కాబట్టి ఇంట్లో, కింద అంతస్తు నేలకి, విట్రిఫైడ్ అయితే టైప్ 2 చాలు. షాపాయన టైప్ 3 అంటగడతాడు, హాలుకి ఆ డబ్బు దండగ. డాబా పైన, ఎండా వానా తగిలే వరండాలో మాత్రం టైప్ 3 కొనండి, ఎస్1 అని కూడా ఉంటే ఇంకా మంచిది, టైల్ సాగినప్పుడు కింద ఆ జిగురు పొర కాస్త ఒంగుతుంది. బస్తా మీద టీ అనే ఇంగ్లీషు అక్షరం కనిపిస్తే అది గోడ మీద జారకుండా ఉండటానికి, నేలకి దాంతో పనేముంది, నేల మీంచి టైల్ ఎక్కడికి జారుతుంది? ఇంగ్లీషు ఈ అనే అక్షరానికి మాత్రం మన దగ్గర విలువుంది. పరిచిన పౌడర్ ఎక్కువసేపు తడిగా ఉంటుందని అర్థం. మే నెలలో మధ్యాహ్నం కిటికీలు తెరిచి పని చేస్తే మామూలు పౌడర్ పది నిమిషాలకే పైన పొర కట్టేస్తుంది. వేలితో తాకండి. వేలికి అంటితే టైల్ పెట్టండి, అంటకపోతే గీకి పారేయండి.

ఇక అసలు తగాదా. మా మేస్త్రి ఒడియా ఆయన, చెయ్యి మంచిది, కానీ ఏది చెప్పినా "హెబ, హెబ" అంటాడు. అవుతుంది, అవుతుంది అని. నేను టీ తేవడానికి లోపలికెళ్లి వచ్చేసరికి బకెట్లో రెండు తాపీల సిమెంట్ కుమ్మరించాడు. "బస్తా ఎక్కువ దూరం వస్తుంది బాబూ" అని. వస్తుందండీ, జిగురు పలచనై వస్తుంది! ఆ బకెట్ మొత్తం కాంపౌండ్ గోడ పక్కన పారబోయించాను. ఆయనకీ కోపం, నాకూ కోపం, టీ చల్లారిపోయింది.

నీళ్లు బస్తా మీద రాసిన కొలతే పోయండి, ముందు నీళ్లు, తర్వాత పొడి. డ్రిల్ మిషన్‌కి కలిపే రాడ్డు పెట్టి తిప్పి, ఐదు నిమిషాలు వదిలేసి, మళ్లీ తిప్పాలి. బిగుసుకున్నాక మళ్లీ నీళ్లు పోసి మెత్తబరచకండి.

పళ్ళున్న తాపీ ఇది, పళ్ళు పది మిల్లీమీటర్లవి. గీతలన్నీ ఒకే వైపు లాగాలి, గుండ్రంగా తిప్పితే గాలి లోపలే ఇరుక్కుంటుంది. నాలుగు మూలలా నాలుగు ముద్దలు, మధ్యలో ఒకటి పెట్టి టైల్ అదిమేవాళ్లున్నారు, అది దోశెల పిండి కాదు. మొదటి టైల్ పెట్టి అదిమి, వెంటనే లేపి వెనక చూడండి. ఇదిగో, ఇలా కనీసం 80 శాతం తడి అంటాలి, బాత్రూమ్‌లో, బయటా అయితే 95. నాలుగు బై రెండు టైల్ అయితే దాని వెనక కూడా ఒక పలచటి పొర పూయండి.

పల్లం పూడ్చడానికి మాత్రం ఈ పౌడర్ వాడొద్దు. ముందు ఇసుక సిమెంట్ మాలుతో లెవెల్ చేయించి, బాగా తడిపి, ఆరనిచ్చి, ఆ మీద ఈ పౌడర్ మూడు నాలుగు మిల్లీమీటర్ల మందం పరవండి. ఆ లెక్కన 20 కిలోల బస్తా సుమారు 50 చదరపు అడుగులు వస్తుంది. పది బై పన్నెండు గదికి మూడు బస్తాలు అనుకోండి. టైల్స్ మధ్య సందు కోసం రెండు మిల్లీమీటర్ల స్పేసర్లు, అంటే చిన్న ప్లాస్టిక్ ముక్కలు, గోడ అంచున కాస్త సందు, దాన్ని గోడ కింద అంటించే స్కర్టింగ్ పట్టీ కప్పేస్తుంది. సందులు నింపే గ్రౌట్ మర్నాడు.

పాత టైల్స్ పీకకుండా వాటి మీదే వేయొచ్చా అని గుణుపురం నుంచి ఒకాయన అడిగారు. వేయొచ్చు, టైప్ 3తో. కానీ ముందు రూపాయి బిళ్ళ తీసి ఇల్లంతా కొట్టి చూడండి. డొల్లగా ఉన్నది పీకాల్సిందే. మా హాల్లో అలాంటివి పదకొండు తేలాయి, సుద్దముక్కతో గుర్తు పెట్టాను. మేస్త్రి బయట చెప్పులు విప్పుతున్నాడు, ఈసారి టీ ముందే తెచ్చి పెట్టుకున్నాను.