ఆమ్లజని, అమ్లజాన, ఆక్సిజన్

నమస్కారం. రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు వంట చేసుకుంటూనో, షాపులో కూర్చునో రేడియో వింటున్న అందరికీ. ఇవాళ నన్ను కెమిస్ట్రీ గురించి మాట్లాడమన్నారు. కంగారుపడి రేడియో కట్టేయకండి, ఫార్ములాలేవీ బట్టీ పట్టించను. ఫోనులో ఉచితంగా దొరికే కెమిస్ట్రీ సామానులో ఏది మన పిల్లలకి పనికొస్తుందో, ఏది టైము తినేస్తుందో చెప్తాను. ట్యూషన్ చెప్పుకునే మనిషిని కాబట్టి ఇందులో చాలావరకు నేను పడ్డ తిప్పలే.

మన సరిహద్దు పిల్లలకి ఒక ఇబ్బంది ఉంది. అది విశాఖపట్నం పిల్లలకి ఉండదు, భువనేశ్వర్ పిల్లలకీ ఉండదు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, ప్లస్ టూకి వెళ్ళేసరికి సైన్సంతా ఇంగ్లీషు. ఒకే వాయువుని తాతగారు ఆమ్లజని అంటారు, ఒడియా పుస్తకం అమ్లజాన అంటుంది, కాలేజీలో ఆక్సిజన్. నత్రజని అయితే మరీ ఘోరం, ఒడియాలో జబక్షారజాన, పిల్లాడు అది పలికేలోపు గంట కొట్టేస్తారు.

తమాషా ఏమిటంటే ఆమ్లజని అన్నా అమ్లజాన అన్నా అర్థం ఒక్కటే, ఆమ్లాన్ని పుట్టించేది అని. ఫ్రాన్స్‌కి చెందిన లవాజియే పెట్టిన ఆక్సిజన్ అనే పేరుని మనవాళ్ళు ఇటూ అటూ తర్జుమా చేసుకున్నారు. ఆయన ఆమ్లాలన్నిటిలో ఈ వాయువు ఉండి తీరాలనుకున్నాడు. అది తప్పని తర్వాత తేలింది, హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో హైడ్రోజన్, క్లోరిన్ తప్ప ఆక్సిజన్ అన్నదే లేదు. పొరపాటు దిద్దుకున్నాం గాని పేరు మాత్రం మూడు భాషల్లోనూ అలాగే ఉండిపోయింది. ఈ ముచ్చట చెప్తే పిల్లలు మూడు పేర్లూ మరిచిపోరు, నేను చూశాను.

అందుకే నాకు భాష తక్కువ, బొమ్మ ఎక్కువ ఉన్నవే నచ్చుతాయి. కిందటేడు పదో తరగతి కుర్రాడొకడు సమీకరణం తుల్యం చేస్తున్నాడు. హైడ్రోజన్, ఆక్సిజన్ కలిస్తే నీరు, అంతే లెక్క. ఎడమవైపు ఆక్సిజన్లు రెండు, కుడివైపు ఒకటి. వాడేం చేశాడు, హెచ్ టూ ఓ పక్కన కింద ఇంకో బుజ్జి రెండు తగిలించి, "సరిపోయింది మాస్టారూ" అన్నాడు. లెక్క నిజంగానే సరిపోయింది! కాని వాడు తయారుచేసింది నీళ్ళు కాదు, హైడ్రోజన్ పెరాక్సైడ్, దెబ్బ మీద పోస్తే బుసబుసా నురగ వస్తుందే, అది. "ఏరా, ఇది తాగుతావా?" అన్నాను. నవ్వాడు, మర్నాడు మళ్ళీ అదే తప్పు చేశాడు.

అప్పుడు ఫెట్ అనే సైన్సు బొమ్మలాటల వెబ్‌సైటు తెరిచాను. అమెరికాలో కొలరాడో విశ్వవిద్యాలయం వాళ్ళది, 2002లో కార్ల్ వీమన్ మొదలుపెట్టారు, అంతకుముందు ఏడాదే ఆయనకి భౌతికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. ఇందులో సమీకరణాల ఆట ఒకటుంది. దాంట్లో కింది అంకెని ముట్టుకోనివ్వరు, ముందున్న గుణకాన్నే మార్చనిస్తారు. రెండు పెడితే రెండు నీటి అణువుల బొమ్మలు వస్తాయి, పక్కన త్రాసు ఒరుగుతుంది. వాడు అంకెలు పెంచుతూ, తగ్గిస్తూ కూర్చుని, "అంటే అణువుని మార్చకూడదు, అణువులు ఎన్నో అదే మార్చాలి" అని వాడంతట వాడే అన్నాడు. అన్నది సగం తెలుగు, సగం ఒడియా. అయినా అణువు, పరమాణువు రెండు భాషల్లోనూ దాదాపు అవే మాటలు కాబట్టి ఎటు పట్టినా సరిపోయింది. ఈ ఆటల్లో కొన్ని తెలుగులో కూడా ఉన్నాయి, అన్నీ కావు. టవర్ దగ్గర ఉన్నప్పుడు ఒకసారి దింపుకుంటే తర్వాత నెట్ లేకపోయినా నడుస్తాయి, కొండ మీద ఊళ్ళవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోండి.

ఇక ల్యాబు. నేను చదివినప్పుడు మా ల్యాబుకి ఎప్పుడూ తాళమే. తీరా పరీక్షలు నెల ఉందనగా తెరిచి, ఏడుగురికి ఒక బ్యూరెట్, అంటే చుక్కలు కొలిచి వదిలే గాజు గొట్టం, ఇచ్చారు, నా చేతికి వచ్చేసరికి అందులో ద్రావణం లేదు. ఇప్పటి పిల్లలకి ఓల్యాబ్స్ అని తెర మీద ప్రయోగాలు చేసుకునే వెబ్‌సైటు ఉంది. అమృత విశ్వవిద్యాపీఠం, కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ సంస్థ సీడాక్ కలిసి తయారుచేసింది, తొమ్మిది నుంచి పన్నెండో తరగతి దాకా ప్రయోగాలు. పర్మాంగనేట్ అంశమాపనం తీసుకోండి, టైట్రేషన్ అంటారే, ఒక ద్రావణం ఎంత పడితే రెండోదానికి సరిపోతుందో కొలవడం. ఆక్సాలిక్ ఆమ్లాన్ని సుమారు 60 డిగ్రీలకి వేడిచేసి, బ్యూరెట్ లోంచి ఊదారంగు ద్రావణం చుక్కలుగా వదలాలి, పడ్డ చుక్క రంగు పోతూ ఉంటుంది, పోకుండా లేత గులాబీ నిలిచిన క్షణంలో ఆపాలి. వేడి చేయడం మరిచిపోతే రంగు చాలా నెమ్మదిగా పోతుంది, పిల్లాడు అయిపోయిందనుకుని తప్పు రీడింగ్ రాస్తాడు. తెర మీద ఎన్నిసార్లు చేసినా రూపాయి ఖర్చు లేదు. అయితే తెర మీద బ్యూరెట్ కారదు, చెయ్యి వణకదు. కాబట్టి ల్యాబు బదులు అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ల్యాబులోకి వెళ్ళే ముందు రాత్రి చూసుకోవడానికి మాత్రం దీన్ని మించింది లేదు.

వీడియోల సంగతి. నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2008 నుంచి మూలకాల మీద వీడియోలు చేస్తున్నారు, ఇంగ్లీషే గాని సోడియం నీళ్ళలో పడితే ఏమవుతుందో చూడడానికి భాష ఎందుకు? మా గోడ మీద ఆవర్తన పట్టిక చార్టు పాతది, అందులో 109 మూలకాలే, ఇప్పుడు 118. చివరి నాలుగు పేర్లు ఖాయమైంది 2016లో. అలాంటివి నెట్‌లో చూసుకోవడమే మేలు. కాని గంటల తరబడి పాఠాల వీడియోలు చూసే పిల్లలు, అర్థమైపోయిందన్న సంబరం తప్ప కాగితం మీద ఒక్క లెక్క చేయలేని వాళ్ళు నా దగ్గరికే వస్తుంటారు. పది నిమిషాలకోసారి ఆపి రాయమని చెప్తాను, ఎవరూ వినరు.

ఒక్క విషయంలో మాత్రం గట్టిగా చెప్తున్నా, అమ్మానాన్నలు వినండి. చూసిన ప్రతి ప్రయోగాన్నీ ఇంట్లో చేయనివ్వకండి. బాత్రూం కడిగే యాసిడ్‌లో బ్లీచింగ్ పౌడర్ కలిపితే క్లోరిన్ వస్తుంది, అది ఊపిరితిత్తులని దెబ్బతీస్తుంది. ఏ పదార్థం ఎంత ప్రమాదమో తెలుసుకోవాలంటే పబ్‌కెమ్ అని వెబ్‌సైటు ఉంది, అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థది, 2004 నుంచి నడుస్తోంది. ఇంగ్లీషు రాకపోయినా ప్రమాదం గుర్తులు చూస్తే తెలిసిపోతుంది.

మాటల తికమకకి ఇంకో దారి ఉంది. ఆంధ్రప్రదేశ్ బడి పుస్తకాలు ఇప్పుడు ఒక పేజీ ఇంగ్లీషు, ఎదుటి పేజీ తెలుగు. వాటిని పీడీఎఫ్‌గా ఫోనులో పెట్టుకుని, పక్కన ఒడియా పుస్తకం తెరిస్తే మూడు భాషలూ ఒకే బల్ల మీదికి వస్తాయి. నిఘంటువు అక్కర్లేదు.

ఇన్ని ఉన్నా, మన ఊరి కెమిస్ట్రీని మనకి ముడిపెట్టి చెప్పేవాడు అందులో దొరకడు. కొరాపుట్ జిల్లా దమంజోడిలో, నాల్కో అల్యూమినా ఫ్యాక్టరీలో ఏం జరుగుతుంది? అల్యూమినియం ఖనిజం బాక్సైట్‌ని వేడి కాస్టిక్ సోడాలో వేస్తారు, అల్యూమినియం హైడ్రాక్సైడ్ కరుగుతుంది, ఇనుము కరగక ఎర్ర బురదగా మిగులుతుంది. ఆమ్లంతోనూ క్షారంతోనూ కలిసే ద్విస్వభావ ఆక్సైడ్ అని పుస్తకంలో రెండు లైన్లుంటుందే, అదే ఇది. అక్కడ పనిచేసే మేనమామ ఉన్న పిల్లకి కూడా ఈ సంగతి తెలీదు, ఆయన చెప్పలేదు, మేమూ చెప్పలేదు.

ఈ ఆదివారం ఒకటి చేయించండి, యాసిడ్లూ అవీ అక్కర్లేదు. పసుపు నీళ్ళలో కిళ్ళీ సున్నం చిటికెడు కలపండి, పెళ్ళిలో పాదాలకి పెట్టే పారాణి రంగు వస్తుంది. అందులో నిమ్మరసం పిండుతూ పోతే ఒకచోట మళ్ళీ పసుపైపోతుంది. సున్నం కంట్లో పడకుండా పెద్దవాళ్ళు దగ్గరుండాలి. ఎన్ని చుక్కలకి మారిందో పిల్లల చేత రాయించి, అప్పుడు ఫోనులో ఫెట్ తెరిచి, ఏది ఎంత ఆమ్లమో ఎంత క్షారమో చెప్పే పీహెచ్ స్కేలు చూపించండి, ముందు మాత్రం కాదు. పసుపు బదులు మందార పువ్వుతో చేస్తే రంగు ఏమవుతుందో నేను చెప్పను.

అద్దం అవతల నుంచి టైమైపోయిందని చెయ్యి ఊపుతున్నారు. ఉంటాను, నమస్కారం.